నొప్పి ఓర్చుకోవాలా, మందు వేసుకోవాలా?

మోకీలు మార్పిడి, తుంటి ఎముక శస్త్రచికిత్స జరిగి ఇంటికి చేరిన పెద్దవారి నొప్పి మందుల గురించి విజయవాడ, గుంటూరు పాఠకులు రాసిన ఉత్తరాలలో ఐదింటిని ఈ సంచికకు తీసుకున్నాను. పేర్లు, ఆసుపత్రుల వివరాలు తీసివేసి ప్రశ్నలను క్లుప్తపరిచాను. మోతాదు నిర్ణయించవలసింది రోగిని చూసిన వైద్యులే కనుక, ఇక్కడి అంకెలను వారితో మాట్లాడటానికి వాడుకోండి గాని, వీటిని చూసి ఇంట్లో మందు మార్చకండి.

ప్రశ్న: మా అమ్మగారికి 76 ఏళ్ళు. స్నానాల గదిలో జారిపడి తుంటి ఎముక విరిగితే సూర్యారావుపేటలోని ఒక ఆసుపత్రిలో సగం కీలు మార్చి, ఆరో రోజున ఇంటికి పంపారు. పారాసిటమాల్ 650 రోజుకు మూడుసార్లు, నొప్పి ఎక్కువైతే ట్రమడాల్ 50 అని చీటీలో రాశారు. ఆమె "నాకేం నొప్పి లేదు" అంటూ మాత్రలను దిండు కింద దాచేస్తున్నారు. లేపి నడిపించబోతే మాత్రం ససేమిరా అంటున్నారు. నొప్పి బిళ్ళలు మూత్రపిండాలను పాడు చేస్తాయని బంధువులెవరో ఆమెను భయపెట్టారు. బలవంతంగానైనా వేయించాలా?
— ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: మీ అమ్మగారు అబద్ధమాడుతున్నారని అనుకోవద్దు. కదలకుండా పడుకున్నంతసేపు ఆమెకు నొప్పి నిజంగానే తక్కువగా ఉండవచ్చు. పక్కకు తిరిగేటప్పుడు, మంచం అంచున కూర్చునేటప్పుడు, వాకర్ పట్టుకుని కాలు మోపేటప్పుడు వచ్చే నొప్పి వేరు. మందు కావలసింది ఆ నొప్పికి. అందువల్ల "నొప్పిగా ఉందా" అని అడగడం మాని, "ఇప్పుడు లేచి నిలబడితే ఎంత ఉంది" అని అడగండి. ఆసుపత్రుల్లో సున్నా నుంచి పది వరకు ఒక అంకె చెప్పమంటారు గాని, ఆ లెక్క మన పెద్దవారిలో చాలామందికి పట్టుబడదు. నేనైతే "ఆపరేషన్ మర్నాటి నొప్పిని రూపాయి అనుకుంటే ఇప్పుడెంత ఉంది" అని అడుగుతాను. "ముప్పావలా ఉంది" అనో, "పావలా కూడా లేదు" అనో జవాబు తడుముకోకుండా వస్తుంది. ఆ జవాబును, మాత్ర వేసిన వేళను ఒక కాగితం మీద పక్కపక్కన రాసిపెట్టుకుని, మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు వెంట తీసుకువెళ్ళండి. మందు సరిపోతున్నదో లేదో వైద్యులకు ఏ పరీక్షా అంత సూటిగా చెప్పలేదు.

నొప్పి ఓర్చుకోవడం మన ఇళ్ళల్లో పెద్దరికంగా చెలామణి అవుతుంది. తుంటి శస్త్రచికిత్స తరువాత ఆ ఓర్పు చేటు తెస్తుంది. కదిలితే నొప్పి అని రోగి దగ్గరు, ఊపిరి నిండా పీల్చరు. కఫం పేరుకుని న్యుమోనియా వస్తుంది. కాలు కదపకపోతే పిక్కల్లోని సిరలలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంది. వారం పది రోజులు మంచం మీదే ఉంటే ఆ వయసులో కరిగిపోయిన కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది. ఇవన్నీ అటుంచి, తుంటి విరిగిన వృద్ధులలో చాలినంత నొప్పి మందు అందనివారికే మతి తప్పి పలవరించడం ఎక్కువగా కనబడినట్లు అధ్యయనాలలో తేలింది. మందు ఎక్కువైతే మత్తు వస్తుందని అందరికీ తెలుసు. తక్కువైనా మతి చెదురుతుందని చాలామందికి తెలియదు.

బంధువులు చెప్పిన మాటలో సగం నిజం ఉంది గాని, అది మీ చీటీలో ఉన్న మందులకు వర్తించదు. మూత్రపిండాలకు చేటు తెచ్చేవి డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి వాపు తగ్గించే నొప్పి మందులు. పారాసిటమాల్ ఆ జాతిది కాదు. తగిన మోతాదులో వేసుకుంటే పెద్దవారికి ఇంతకన్నా క్షేమమైన నొప్పి మందు లేదు. దానితో జాగ్రత్త పడవలసింది కాలేయం విషయంలో. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 4 గ్రాములు గరిష్ఠ పరిమితి అయితే, 50 కిలోల లోపు బరువున్న వృద్ధులకు, కాలేయ జబ్బు ఉన్నవారికి, మద్యం అలవాటున్నవారికి 2 నుంచి 3 గ్రాములు దాటనివ్వరు. మీ అమ్మగారికి రాసినది మూడు మాత్రలు కలిపి 1,950 మిల్లీగ్రాములు, అంటే 2 గ్రాముల లోపే. ఇక్కడ మీరు కనిపెట్టి ఉండవలసింది, జలుబు బిళ్ళలోనో, ట్రమడాల్ కలిసిన జంట మాత్రలోనో, మరో పేరుతో కొన్న జ్వరం బిళ్ళలోనో ఇదే పారాసిటమాల్ దాగి ఉండి, మీకు తెలియకుండా లెక్క పెరిగిపోవడం. అట్ట వెనుక చిన్న అక్షరాలలో ఉండే మందు పేరు చదవండి. పైన పెద్దగా ఉన్న కంపెనీ పేరుతో మనకు పని లేదు.

ఈ మాత్రను నొప్పి వచ్చాక వెతుక్కోకుండా, వేళ ప్రకారం వేయాలి. ఉదయం 6 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 10 గంటలకు అని పెట్టుకుంటే నొప్పి ముదిరే అవకాశం ఉండదు. ఒకసారి ముదిరిన నొప్పిని దించడానికి ఎక్కువ మందు కావలసివస్తుంది. ఫిజియోథెరపీ చేయించేవారు వచ్చే వేళ తెలుసు కనుక, దానికి ముప్పావుగంట ముందు ఒక మాత్ర పడేలా ఈ వేళలను జరుపుకోవచ్చు. పారాసిటమాల్ వేసినా లేచి నిలబడలేకపోతున్న రోజున, చీటీలో ఉన్న ట్రమడాల్‌ను (ఇది నల్లమందు జాతికి చెందిన, ఇంకాస్త బలమైన నొప్పి మందు) ఆ నడకకు ముందే ఇవ్వండి. మొదటి ఒకటి రెండు మాత్రలకు వికారం, కళ్ళు తిరగడం సహజం కనుక, అది వేసిన పూట ఆమెను ఒంటరిగా లేవనివ్వకండి. మరోసారి పడితే చేసిన శస్త్రచికిత్స కూడా దక్కదు. ఆమె కుంగుబాటుకో, ఆందోళనకో ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటి మందు వాడుతున్నా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చి ఉన్నా, ట్రమడాల్ మొదలుపెట్టక ముందే ఆ సంగతి వైద్యులకు చెప్పండి.

బలవంతం మాత్రం చేయకండి. దిండు కింద దాచడం భయంతో చేసే పని. "ఇది కిడ్నీలను పాడు చేసే బిళ్ళ కాదమ్మా, నువ్వు నడవడానికి వేసే బిళ్ళ" అని మీరు చెప్పిన దానికన్నా, డిశ్చార్జి చేసిన డాక్టరుగారి చేత ఫోనులో ఒక్క మాట చెప్పిస్తే ఎక్కువ పని చేస్తుంది. బంధువులు చెప్పిన మాటకు విరుగుడు డాక్టరు మాటే.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్ళు. మూడు వారాల క్రితం కొత్తపేటలో ఎడమ మోకీలు మార్చారు. ఆసుపత్రి ఇచ్చిన మందులు అయిపోయాక, వీధి చివర మందుల షాపులో అడిగితే ఎసిక్లోఫినాక్, పారాసిటమాల్, సెరాషియోపెప్టిడేజ్ కలిసిన మాత్రలు ఇచ్చారు. రోజుకు రెండు వేస్తున్నాం. నొప్పి బాగా తగ్గింది. ఆయన బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర, షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడతారు. నాలుగు రోజులుగా రెండు పాదాలూ పొంగాయి, మూత్రం తగ్గింది. గ్యాస్ బిళ్ళ కూడా వేస్తూనే ఉన్నాం కదా, ఎందుకిలా అయింది? మాత్రకు బదులు ఇంజెక్షన్ చేయిస్తే మంచిదా?
— ఒక పాఠకుడు, కొరిటెపాడు, గుంటూరు

జవాబు: ఆ మాత్రను ఈ పూటే ఆపి, ఈరోజే వైద్యులకు చూపించి, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, దానితో పాటు సోడియం, పొటాషియం పరీక్షలు చేయించండి. బీపీ మాత్రనూ, మెట్‌ఫార్మిన్‌నూ కొనసాగించాలో, కొన్నాళ్ళు ఆపాలో ఆ ఫలితాన్ని బట్టి వారు చెబుతారు. ఈ ఉత్తరం అచ్చయ్యే దాకా ఆగే విషయం కాదు కనుక మీకు విడిగా కూడా రాశాను. మిగిలిన పాఠకుల కోసం కారణాన్ని ఇక్కడ వివరిస్తున్నాను.

మూత్రపిండంలో రక్తాన్ని వడకట్టే జల్లెడకు ఒకవైపు నుంచి రక్తం వచ్చే సన్నని నాళం, మరోవైపు రక్తం బయటికి పోయే నాళం ఉంటాయి. జల్లెడలో ఒత్తిడి ఉంటేనే వడపోత జరుగుతుంది. లోపలికి వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లనే పదార్థాలు. ఎసిక్లోఫినాక్ జాతి మందులు నొప్పిని తగ్గించేది వీటి తయారీని అడ్డుకునే కనుక, నొప్పితో పాటు ఆ నాళమూ ముడుచుకుంటుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది. హైడ్రోక్లోరోథయజైడ్ ఒంట్లోని నీటిని, ఉప్పును బయటికి పంపుతుంది. మూడూ కలిసినప్పుడు వచ్చే రక్తం తగ్గి, నిలిచే ఒత్తిడి తగ్గి, వడపోత కుంటుపడుతుంది. విడివిడిగా చూస్తే ఏ మందూ తప్పు కాదు. కలయికలో ఉంది చిక్కు. దీనికి తోడు మన ప్రాంతంలో రోహిణి కార్తె ఎండలు. శస్త్రచికిత్స అయినవారు మరుగుదొడ్డికి పదేపదే లేవవలసివస్తుందని నీళ్ళు తాగడం మానేస్తారు. ఆ చెమటకు, ఆ దాహానికి ఈ మూడు మందులు తోడైతే మూత్రపిండం నాలుగైదు రోజులలోనే మొరాయించవచ్చు. మూత్రపిండం మందగించినప్పుడు మెట్‌ఫార్మిన్ ఒంట్లో పేరుకుని వేరే ప్రమాదం తెస్తుంది.

గ్యాస్ బిళ్ళ గురించి మీరు అడిగినది చాలామందికి ఉన్న సందేహమే. పాంటోప్రజోల్ వంటివి కడుపులో ఆమ్లాన్ని తగ్గించి పుండు పడకుండా కాపాడతాయి. మూత్రపిండానికి, గుండెకు, బీపీకి వాటివల్ల ఏ రక్షణా లేదు. కడుపు మంట లేదు కనుక మందు పడిందనుకోవడం వల్లనే ఇటువంటి మాత్రలు వారాల తరబడి నడుస్తాయి. ఇంజెక్షన్ సంగతీ అంతే. డైక్లోఫినాక్‌ను తుంటికి పొడిచినా, నోట్లో వేసినా చేరేది రక్తంలోకే. ప్రోస్టాగ్లాండిన్లు కడుపులోనూ, మూత్రపిండంలోనూ ఒకే విధంగా తగ్గుతాయి. ఆర్ఎంపీ వద్ద రోజు విడిచి రోజు సూది వేయించుకుంటూ "బిళ్ళలు మానేశాను" అని తృప్తిపడేవారిని గుంటూరులో ఎంతోమందిని చూశాను.

ఈ జాతి మందులు పెద్దవారికి పూర్తిగా నిషిద్ధమని నా అభిప్రాయం కాదు. క్రియాటినిన్ బాగుండి, గుండె జబ్బు, కడుపు పుండు లేనివారికి మోకీలు మార్పిడి తరువాత కొద్ది రోజులు శస్త్రవైద్యులే రాస్తారు, అవి బాగా పనిచేస్తాయి కూడా. ఎన్ని రోజులన్నది చీటీలో రాసి ఉంటుంది, ఆ రోజుతో ఆగిపోవాలి. కడుపుకు కొంత మేలైనదని పేరున్న ఎటోరికాక్సిబ్ కూడా బీపీ 140/90 పైన నిలకడగా ఉన్నవారికి తగదు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అపిక్సబాన్, రివరోక్సబాన్ వంటివి వాడేవారిలో ఈ నొప్పి మందులు కడుపులో రక్తస్రావానికి దారితీస్తాయి. మలం నల్లగా తారులా వస్తే అదే గుర్తు. మీ నాన్నగారి నొప్పికి ఇప్పుడు దారి పారాసిటమాల్ వేళ ప్రకారం వేయడం, వ్యాయామం తరువాత మోకీలు మీద గుడ్డ చుట్టిన ఐసు ఒక పావుగంట ఉంచడం, వీటితో చాలకపోతే మూత్రపిండం స్థితిని చూసి వైద్యులు రాసే మరో మందు. మోకీలు కింద దిండు పెట్టి గంటల తరబడి పడుకోనివ్వకండి; హాయిగా అనిపించినా కీలు వంగిపోయి బిగుసుకుంటుంది.

ప్రశ్న: మా నాయనమ్మకు 82 ఏళ్ళు. తుంటికి రాడ్డు వేసి తొమ్మిది రోజులైంది. పగలంతా మగతగా ఉండి, రాత్రయ్యేసరికి చనిపోయిన తాతగారితో మాట్లాడుతోంది, కట్టు లాగేస్తోంది. ట్రమడాల్, ప్రిగాబాలిన్ 75, నిద్రకు క్లోనజెపామ్ వాడుతున్నాం. గాలి సోకిందని మా పెద్దత్త అంటోంది. నొప్పి మందులన్నీ ఆపేయమంటారా?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: గాలీ కాదు, ధూళీ కాదు. దీనిని డెలీరియం అంటారు. పెద్ద వయసులో శస్త్రచికిత్స తరువాత తరచుగా వచ్చేదే, కారణం కనిపెడితే చాలావరకు తగ్గేదే. అయితే కారణం ఒక్కటే ఉండదు. మీరు రాసిన మూడు మందులూ మెదడును మందగింపజేసేవే. పెద్దవారికి తగని మందుల జాబితా ఒకటి అమెరికా వృద్ధవైద్యుడు మార్క్ బియర్స్ పేరుతో 1991 నుంచి ఉంది, దానిని 2023లో కూడా సవరించారు. ట్రమడాల్ వంటి మందులకు ప్రిగాబాలిన్‌నో, క్లోనజెపామ్ వంటి నిద్రమందునో జోడించవద్దని ఆ జాబితా హెచ్చరిస్తుంది. మీ ఇంట్లో రెండూ జోడించి ఉన్నాయి. మత్తు ఎక్కువై శ్వాస మందగించే ప్రమాదం కూడా ఇందులో ఉంది కనుక, ఆమెను పిలిచినా లేవని స్థితి వస్తే క్షణం ఆలస్యం చేయకూడదు.

అలాగని అన్నింటినీ మీరే ఒక్కసారిగా ఆపకండి. క్లోనజెపామ్ చాలాకాలంగా వాడుతున్నదైతే హఠాత్తుగా ఆపడం వల్ల కూడా కలవరం, మూర్ఛ రావచ్చు. నొప్పి మందు పూర్తిగా తీసేస్తే నొప్పే డెలీరియంను పెంచుతుంది. రేపు ఉదయమే ఆమెను వైద్యులకు చూపించి, ఏది ముందు తగ్గించాలో అడగండి. ప్రిగాబాలిన్ మోతాదు మూత్రపిండాల పనితీరును బట్టి మారాలి కనుక క్రియాటినిన్ చూస్తారు. ట్రమడాల్ వల్ల రక్తంలో సోడియం పడిపోవచ్చు కనుక అదీ చూస్తారు. మూత్రం నిలిచిపోయి పొత్తికడుపు ఉబ్బిందా, మలబద్ధకం ఉందా, జ్వరం ఉందా అన్నవి మీరు ఇంట్లోనే గమనించి చెప్పగలరు. ఇంతకన్నా చిన్న కారణాలూ ఉంటాయి. ఆసుపత్రిలో తీసి సంచిలో పెట్టిన కళ్ళజోడు, వినికిడి యంత్రం ఇంకా ఆ సంచిలోనే ఉన్నాయేమో చూడండి.

మాట చెప్పలేని స్థితిలో నొప్పిని ముఖంలో చదవాలి. కాలు కదిపినప్పుడు నుదురు ముడుచుకోవడం, పళ్ళు బిగబట్టడం, మూలగడం, పిడికిళ్ళు బిగించడం, ఊపిరి వేగం కావడం, ఓదార్చినా శాంతించకపోవడం నొప్పికి గుర్తులు. తాతగారితో మాట్లాడుతున్నప్పుడు "ఆయన లేరు కదా" అని వాదించకండి. చెయ్యి పట్టుకుని, ఇల్లు ఇదని, వేళ ఇదని నెమ్మదిగా చెప్పండి. పెద్దత్తగారిని కూడా ఈ పనికే పెట్టవచ్చు. తెలిసిన మనిషి రాత్రిపూట పక్కన ఉండడం నిద్రబిళ్ళ కన్నా మేలు.

ప్రశ్న: ఆపరేషన్ అయినవారు పప్పు తింటే చీము పడుతుందని మా అత్తగారికి పన్నెండు రోజులుగా చారన్నమే పెడుతున్నాం. ఆమె ట్రమడాల్ వాడుతున్నారు. ఐదు రోజులుగా విరేచనం కాలేదు. ఇసబ్‌గోల్ పొట్టు ఇచ్చినా లాభం లేదు. ఆముదం తాగించవచ్చా?
— ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: పప్పుకూ చీముకూ సంబంధం లేదు. చీము పట్టించేది సూక్ష్మక్రిములు, పెంచేది అదుపు తప్పిన షుగరు. గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. జబ్బు నుంచి కోలుకుంటున్న పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 1.2 గ్రాములకు తగ్గకుండా ఇవ్వమంటారు. 50 కిలోల మనిషికి 60 గ్రాములన్నమాట, అది చారన్నంతో రాదు. మూత్రపిండాల జబ్బు లేకపోతే ముద్దపప్పు, పెరుగు, గుడ్డు ఈ పూట నుంచే పెట్టండి, ఆకుకూర, బొప్పాయి కూడా.

మలబద్ధకం ట్రమడాల్ వల్ల. ఈ జాతి మందులు పేగు కదలికనే నెమ్మదింపజేస్తాయి కనుక, పొట్టు పేగులో గట్టిపడి అడ్డుపడవచ్చు, ముఖ్యంగా నీళ్ళు తక్కువ తాగేవారిలో. ఆముదం వద్దు, కడుపు నొప్పితో నీరంతా పోతుంది. మలాన్ని మెత్తబరిచే లాక్టులోజ్, పేగును కదిలించే బిసకోడిల్ వంటివి వైద్యులను అడిగి మొదలుపెట్టండి; నిజానికి ట్రమడాల్ మొదటి మాత్రతో పాటే ఇవి మొదలుకావలసింది. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా పోకపోతే అది ఇంటి వైద్యంతో తీరేది కాదు, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్ళు. మోకీలు మార్చి ఐదు వారాలైంది. ట్రమడాల్ ఇంకా రోజుకు మూడు వేసుకుంటోంది. చీటీ పాతదని షాపువారు ఇవ్వనంటున్నారు. అలవాటు పడిపోయిందేమోనని భయంగా ఉంది. ఒక బంధువు, భుజానికి అంటించే పట్టీ వాడమన్నారు. ఎలా మాన్పించాలి?
— ఒక పాఠకుడు, లక్ష్మీపురం, గుంటూరు

జవాబు: షాపువారు చేసినది సరైన పని. 2018 ఏప్రిల్ నుంచి ట్రమడాల్ మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. తాజా చీటీ లేకుండా అమ్మకూడదు. నొప్పి కోసం కొద్ది రోజులు వాడినవారికి వ్యసనం కావడం అరుదు గాని, ఐదు వారాలు మూడేసి మాత్రలంటే ఒళ్ళు దానికి అలవాటు పడి ఉంటుంది. హఠాత్తుగా ఆపితే చెమటలు, వణుకు, నిద్ర పట్టకపోవడం, విరేచనాలు వస్తాయి, వాటిని చూసి నొప్పి తిరగబెట్టిందని పొరబడతారు. కనుక వైద్యుల సలహాతో మెట్లు దిగినట్లు తగ్గించాలి: మధ్యాహ్నపు మాత్రను ముందు తీసివేసి, మూడు నాలుగు రోజులు చూసి ఉదయపుది, చివరన రాత్రిది. ఆ కాలమంతా పారాసిటమాల్ వేళ ప్రకారం నడుస్తూనే ఉండాలి. అది చివరగా మానవలసిన మందు. మోకీలు మార్పిడి నొప్పి తుంటి నొప్పి కన్నా మొండిది, రెండు మూడు నెలలు పడుతుంది, ముఖ్యంగా రాత్రిళ్ళు. ఆ సంగతి ఆమెకు ముందే చెబితే సగం భయం పోతుంది.

మీ బంధువు చెప్పినది బుప్రెనార్ఫిన్ పట్టీ అయితే, అదీ ట్రమడాల్ కుటుంబానికి చెందిన మందే, పైగా ఏడు రోజులు చర్మం ద్వారా ఎక్కుతూనే ఉంటుంది. ట్రమడాల్ మాన్పించడానికి బంధువుల సలహాతో వాడేది కాదు. వైద్యులే రాసి ఇప్పటికే వాడుతున్నవారు దాని మీద వేడినీళ్ళ సంచి పెట్టకూడదు. వేడికి మందు ఒక్కసారిగా ఎక్కువగా రక్తంలో చేరుతుంది. మిగిలిపోయిన ట్రమడాల్ మాత్రలను పక్కింటివారి నడుమునొప్పికి ఇవ్వకండి.

ఒక విషయం మాత్రం విడిగా చూడండి. తగ్గుతూ వచ్చిన నొప్పి మళ్ళీ పెరుగుతుంటే అది అలవాటు కాదు, మందు చాలకపోవడమూ కాదు. కుట్ల చుట్టూ ఎరుపు, వేడి, రసి కారడం, చలిజ్వరం ఉంటే గాయంలో చీము పట్టి ఉండవచ్చు. ఒక్క కాలి పిక్క మాత్రమే వాచి, పట్టుకుంటే నొప్పి పెడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. దాన్ని రుద్దవద్దు, నూనె మర్దన చేయవద్దు, ఆ రోజే స్కాను చేయించాలి. హఠాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వచ్చినా, తుంటి కీలు మార్చుకున్నవారి కాలు ఉన్నట్టుండి పొట్టిగా, పక్కకు తిరిగినట్లు కనబడినా, నిలబెట్టడానికి ప్రయత్నించకుండా 108కి ఫోన్ చేసి, వాడుతున్న మందుల డబ్బాను వెంట తీసుకువెళ్ళండి.